కథకు బొమ్మ వేసిన చెయ్యి

యిర్జీ ట్రన్కా పేరు ఇవాళ ఎక్కడ వినిపించినా చాలావరకు ఒకే ఒక్క సినిమాతో కలిసి వినిపిస్తుంది. ఈ చెకొస్లొవేకియా దర్శకుడు 1965లో తీసిన ‘చెయ్యి’ ఇరవై నిమిషాలు కూడా లేని బొమ్మల చిత్రం. తన గులాబీ మొక్కకు కుండీలు చేసుకుంటూ ఒంటిగదిలో బతికే ఒక కుమ్మరి, కుండీలు మానేసి తన విగ్రహం చెయ్యమని వాణ్ణి వేధించే ఒక పెద్ద చెయ్యి, ఇంతే కథ. కుమ్మరి బొమ్మే గానీ ఆ చెయ్యి బొమ్మ కాదు, నిజం మనిషిది. ట్రన్కా పోయాక ప్రభుత్వం ఆ సినిమాను దాదాపు రెండు దశాబ్దాలు తొక్కిపెట్టింది. దాంతో ఆయన జీవితాన్నంతా ఆ చివరి సినిమా నుంచి వెనక్కి చదవడం అలవాటైపోయింది. నియంతృత్వం కింద నలిగి నలిగి ఆఖర్న నోరు విప్పిన కళాకారుడిగానే చాలామందికి ఆయన తెలుసు. అంతకుముందు పశ్చిమ దేశాల విమర్శకులు ఆయనకు ‘తూర్పు వాల్ట్ డిస్నీ’ అని ఇంకో బిరుదు తగిలించారు. ఈ రెండిట్లో ఏదీ ఆయనకు సరిపోదని నా వాదన. ట్రన్కా మొదటి నుంచి చివరి దాకా పుస్తకాలకు బొమ్మలు వేసే మనిషి. వందకు పైగా పుస్తకాలకు వేశాడు. పిల్లల పుస్తకాల చిత్రకారులకు అంతర్జాతీయంగా అన్నిటికన్నా పెద్దదైన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారాన్ని 1968లో అందుకున్నాడు. ఇది సినిమాల పక్కన నడిచిన రెండో వృత్తి కాదు. సినిమా తీస్తున్నప్పుడు కూడా ఆయన చేసింది కథకు బొమ్మ వేయడమే. గీసిన కార్టూన్లలో పేరొచ్చిన మరునాడే వాటిని ఎందుకు వదిలేశాడో, తన బొమ్మల ముఖాలను ఎందుకు కదలనివ్వలేదో, చివరికి ‘చెయ్యి’ లాంటి సినిమా ఆయన నుంచి ఎలా వచ్చిందో ఈ వైపు నుంచి చూస్తేనే అర్థమవుతుంది.

ట్రన్కా 1912 ఫిబ్రవరి 24న పశ్చిమ బొహీమియాలోని పిల్సెన్‌లో పుట్టాడు. అమ్మ బట్టలు కుట్టేది, అవ్వ ఆటబొమ్మలు చేసేది. బడిలో డ్రాయింగు చెప్పిన మాస్టారు యోసెఫ్ స్కూపా మామూలు మాస్టారు కాదు. ష్పెయ్‌బుల్, హుర్వీనెక్ అనే తండ్రీకొడుకుల బొమ్మలతో చెక్ దేశమంతా నవ్వించిన బొమ్మలాట కళాకారుడు. కుర్రాడి చేతిలో పనితనం కనిపెట్టి స్కూపా తన బొమ్మలాట పనిలో చేర్చుకున్నాడు, ప్రాగ్‌లోని కళాశిల్ప విద్యాలయానికి పంపేలా ఇంట్లోవాళ్ళను ఒప్పించాడు. 1935 దాకా అక్కడ చదివిన ట్రన్కా మరుసటేడే ప్రాగ్‌లో ‘చెక్క నాటకశాల’ పేరుతో సొంతంగా బొమ్మలాట పెట్టాడు. అది ఎక్కువ కాలం నిలవలేదు. ఆ తర్వాత తిండి పెట్టింది పుస్తకాలే. 1937 నుంచి పిల్లల పుస్తకాలకు వరసగా బొమ్మలు వేశాడు. జర్మన్ ఆక్రమణ కాలంలో నాటకాలకు రంగాలంకరణ కూడా చేశాడు గానీ, ఆయన పేరు ఇంటింటికీ చేరింది పుస్తకాల వల్లనే. ముఖ్యంగా యాన్ కరాఫియాత్ రాసిన మిణుగురు పురుగుల కథ ‘బ్రౌచ్చీ’కి ఆయన వేసిన బొమ్మలు చెక్ పిల్లల తరతరాల జ్ఞాపకంలో భాగమైపోయాయి. అంటే 1945లో సినిమా ఆయన తలుపు తట్టేనాటికి ట్రన్కా బొమ్మలాటలో ఒకసారి దెబ్బతిని పుస్తకాల్లో స్థిరపడ్డ ముప్ఫై మూడేళ్ళ చిత్రకారుడు. సినిమా సాంకేతికత ఏమీ తెలియదు. పిలిచినవాళ్ళు కోరింది కూడా సాంకేతికతను కాదు, ఆయన గీతను.

యుద్ధం ముగిసిన ఆ ఏడాది ప్రాగ్‌లో కార్టూన్ చిత్రకారుల బృందం ఒకటి ఉంది. ఆక్రమణ కాలంలో జర్మన్ల అజమాయిషీలో పనిచేసినవాళ్ళే వాళ్ళలో చాలామంది. వాళ్ళు తమ స్టూడియోకు ‘బ్రాత్రీ వ్ త్రికు’ అని పేరు పెట్టుకుని ట్రన్కాను పెద్దగా ఉండమన్నారు. 1945 ఆగస్టులో అధ్యక్షుడు బెనెష్ ఉత్తర్వుతో చలనచిత్ర పరిశ్రమ మొత్తం జాతీయమైంది. కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్న 1948కి ఇంకా రెండున్నరేళ్ళ ముందటి మాట ఇది. మొదటి చిత్రం, తాత బీట్ దుంప నాటిన జానపద కథ, ఆ ఏడాదే పూర్తయింది. 1946లో వచ్చిన ‘జంతువులూ దొంగలూ’ ఆ ఏడాది జరిగిన మొట్టమొదటి కాన్ చిత్రోత్సవంలో బహుమతి గెలిచింది. అదే ఏడాది నాజీ ఎస్.ఎస్. దళాల నెత్తిమీదుగా గెంతుకుంటూ పోయే చిమ్నీ కార్మికుడి కథ, ఇంకా ‘కానుక’ అనే వ్యంగ్య చిత్రం వచ్చాయి. ‘కానుక’లో డిస్నీ గుండ్రదనం లేదు, చదునైన, కోణాల గీత. ఇన్ని విజయాల మధ్య ఏ దర్శకుడైనా అదే దారిన పోతాడు. ట్రన్కా మాత్రం 1946లోనే గీసిన కార్టూన్లను పక్కనబెట్టి బొమ్మలతో ప్రయోగాలు మొదలుపెట్టాడు.

ఈ మలుపుకు మామూలుగా చెప్పే కారణం చిన్ననాటి బొమ్మలాట మోజు. అది అబద్ధం కాదు గానీ అసలు కారణం గీసిన కార్టూన్ తయారయ్యే పద్ధతిలోనే ఉంది. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు. ముఖ్య భంగిమలను ఒకరు గీస్తారు, వాటి నడుమ కదలికను ఇంకొకరు పూరిస్తారు, ఆ గీతలను పారదర్శకమైన సెల్యులాయిడ్ షీట్ల మీదికి మరొకరు ఎత్తి రాస్తారు, వెనక వైపున మరికొందరు రంగు నింపుతారు. ఇన్ని చేతులు మారాలంటే గీత ఎవరైనా ఎత్తి రాయగలిగేంత సాఫీగా ఉండాలి. డిస్నీ స్టూడియో బలమంతా ఆ సాఫీదనంలోనే ఉంది. ట్రన్కా పుస్తకం బొమ్మ దానికి పూర్తిగా ఎదురు. కుంచె తడి, కాగితం గరుకు, ఒక రంగు పక్కరంగులోకి మసకగా జారడం, పెన్సిల్ ఒకచోట నొక్కి ఒకచోట వదిలేయడం, ఇవన్నీ తీసేస్తే అందులో మిగిలేది చాలా తక్కువ. తన బొమ్మకూ తెరకూ మధ్య ఇంతమంది చేరడం ఆయనకు నచ్చలేదు. అదే చెక్కతో, గుడ్డతో, లోపల లోహపు కీళ్ళతో బొమ్మ చేస్తే చిత్రకారుడు చేసిన వస్తువే స్వయంగా కెమెరా ముందు నిలబడుతుంది. దాని చెంప మీద ఆయన అద్దిన రంగు ఎవరూ ఎత్తి రాయకుండా ప్రేక్షకుడి దాకా వస్తుంది. బొమ్మలాట మోజే నిజమైన కారణమైతే ట్రన్కా మళ్ళీ నాటకశాల తెరిచేవాడు. ఆయన తెరవలేదు. తన చేతి గుర్తు చెరిగిపోని సినిమా పద్ధతి కోసం వెతికాడు, అది బొమ్మల్లో దొరికింది.

ఆయన తొలి పూర్తి నిడివి బొమ్మల చిత్రం ‘ష్పాలీచెక్’ 1947లో వచ్చింది. చెక్ పల్లెల్లో ఏడాది పొడుగునా జరిగే పండగలు, జాతరలు, క్రిస్మస్ దాకా, ఆరు ఖండాలుగా సాగుతుంది. ఒక కథానాయకుడు లేడు, ఒకే కథ కూడా లేదు. కథాచిత్రంగా చూస్తే ఇది లోపమే. పుస్తకంగా చూస్తే ఇంతకన్నా సహజమైన అమరిక ఉండదు. దీనికి ప్రేరణ జానపద గీతాలకు, పిల్లల పాటలకు బొమ్మలు వేసిన పందొమ్మిదో శతాబ్దపు చిత్రకారుడు మికొలాష్ అలెష్ పుస్తకం, సినిమా పేరు కూడా అక్కడిదే. అలెష్ పుస్తకంలో ఒక్కో పాటకు ఒక్కో బొమ్మ ఉన్నట్టే ఇక్కడ ఒక్కో పండగకు ఒక్కో ఖండం. మాటలు లేవు. సంగీత దర్శకుడు వాత్స్లావ్ ట్రొయాన్ జానపద బాణీలు, పిల్లల బృందగానం కలిపి కూర్చిన సంగీతమే కథ చెబుతుంది. ట్రొయాన్ చివరి దాకా ట్రన్కాతోనే పనిచేశాడు. ఆయన సంగీతం లేకుండా ఈ సినిమాలను ఊహించడం కష్టం. 1949లో ఆండర్సన్ కథతో ‘చక్రవర్తి నైటింగేల్’, మరుసటేడు ‘బయయా’ అనే రాకుమారుడి కథ వచ్చాయి. ‘నైటింగేల్’ అమెరికా వెళ్ళినప్పుడు అక్కడి పంపిణీదారులు నటుడు బోరిస్ కార్లాఫ్ చేత వ్యాఖ్యానం చెప్పించారు. పదేళ్ళ తర్వాత షేక్స్‌పియర్ నాటకంతో తీసిన సినిమాకు ఆంగ్లంలో రిచర్డ్ బర్టన్ గొంతు అతికించారు. రెండుసార్లూ బయటివాళ్ళు చేర్చినవి మాటలే. ట్రన్కా చేసిన పని ఏ రకందో దీన్నిబట్టే తెలుస్తుంది. బొమ్మ పక్కన కథ అచ్చై ఉంటుందన్నంత నమ్మకంతో ఆయన బొమ్మ కట్టాడు, ఆ కథ తెలియని దేశాలకు దాన్ని చదివి వినిపించేవాళ్ళు కావలసివచ్చారు.

ఇక ముఖాల సంగతి. ట్రన్కా బొమ్మల ముఖాలు మారవు. కనుబొమలు లేవవు, పెదవులు విచ్చుకోవు. ఆనాటి ఇతర బొమ్మల దర్శకుల్లో కొందరు ఒక్కో భావానికి ఒక్కో తల చొప్పున మార్చేవాళ్ళు. ట్రన్కా ఒకే తల చేసేవాడు, దాని ముఖంలో ఏ భావమూ పూర్తిగా తేలకుండా జాగ్రత్తపడేవాడు. వెలుగు పక్కనుంచి పడితే ఆ ముఖం దిగులుగా ఉంటుంది, కెమెరా కాస్త పైనుంచి చూస్తే బెదిరినట్టుంటుంది, తల రవ్వంత వంచితే సిగ్గుపడినట్టుంటుంది. ఇది పుస్తక చిత్రకారుడి పద్ధతి అంటున్నాను. వెంటనే ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది: కదలని ముఖం బొమ్మలాటలో ఎప్పటినుంచో ఉన్నదే కదా, స్కూపా శిష్యుడికి అది పుస్తకాల నుంచి రావలసిన పనేముంది? ఆక్షేపణ సగం నిజం. ముఖం కదలదన్న పరిమితిని ట్రన్కా బొమ్మలాట నుంచే తెచ్చుకున్నాడు. కానీ నాటకశాల బొమ్మను ఆఖరి వరసలో కూర్చున్నవాడు కూడా గుర్తుపట్టాలి. అందుకే స్కూపా ష్పెయ్‌బుల్‌కు పెద్ద చెవులు, గుండ్రంగా పొడుచుకొచ్చిన కళ్ళు పెట్టాడు. మన తోలుబొమ్మలాటలో నిలువెత్తు బొమ్మలకు బారెడు కళ్ళు గీసి, మెరిసే రంగులద్దేది కూడా తెరకు దూరంగా కూర్చున్న ఊరందరికీ రావణుడెవరో హనుమంతుడెవరో తెలియడానికే. దూరం నుంచి చూసే ముఖంలో భావం ముందే తేల్చి చెప్పాలి. ట్రన్కా బొమ్మ ముఖం దానికి విరుద్ధం. చిన్నది, మెత్తనిది, తేల్చి చెప్పనిది. నాటకశాలలో అది నాలుగో వరసకే ఆనదు. ఒళ్ళో పెట్టుకున్న పుస్తకాన్ని చూసేంత దగ్గర నుంచి చూస్తేనే అది పలుకుతుంది, ఆ దగ్గరితనాన్ని సినిమాలో క్లోజప్ ఇచ్చింది. పరిమితి బొమ్మలాటదే అయినా దాన్ని వాడుకున్న దూరం మాత్రం పుస్తకం పేజీది.

కదలిక మీద ఆయనకున్న చూపు కూడా ఇలాంటిదే. బొమ్మల చిత్రం తీసేవాళ్ళలో చాలామంది కదలికనే మోహిస్తారు. ప్రాణం లేనిది కదలడమే అక్కడ అద్భుతం కాబట్టి అది సహజం. ట్రన్కా మాత్రం కదలిక ఆగే చోటు కోసం చూస్తాడు. ఆయన బొమ్మ నడిచి వచ్చి ఆగుతుంది, తల ఎత్తుతుంది, అక్కడ కాసేపు ఏమీ జరగదు. ఆ ఏమీ జరగని వ్యవధిలోనే ప్రేక్షకుడు ముఖం చదువుతాడు. ఈ ధోరణికి తిరుగులేని సాక్ష్యం పేరుమోసిన సినిమాల్లో కన్నా చిన్న చిత్రాల్లో ఉంది. 1951లో పుష్కిన్ కథతో తీసిన ‘బంగారు చేప’లో బొమ్మలు దాదాపు కదలవు. నటుడు యాన్ వెరిఖ్ కథ చెబుతుంటాడు, కెమెరా ట్రన్కా వేసిన చిత్రాల మీదుగా సాగుతుంది. 1953లో ‘తాత మార్చుకుంటూ మార్చుకుంటూ పోయిన కథ’ను కూడా అలాగే తీశాడు. అప్పటికి ఆయన చేతికింద దేశంలోకెల్లా నేర్పరులైన యానిమేటర్లు ఉన్నారు. కదిలించలేక కాదు, అవసరం లేదనుకునే కదిలించలేదు. ఒక పెద్దాయన కథ చెబుతుంటే పిల్లవాడు పేజీ తిప్పుతూ బొమ్మ చూసే అనుభవాన్ని తెర మీదికి యథాతథంగా తెచ్చాడు. ఈ రెండు చిత్రాలనూ ఆయన చరిత్రకారులు చిల్లరపనుల కింద జమకడతారు. నా దృష్టిలో ఆయన మనసు ఇంత తేటగా కనిపించేవి తక్కువ.

ఇక్కడ ఇంకొక అభ్యంతరానికి సమాధానం చెప్పాలి. ఈ సినిమాల్లో బొమ్మలను ఫ్రేము ఫ్రేముకూ కదిలించింది ట్రన్కా కాదు. బ్రెటిస్లావ్ పోయర్, స్టనిస్లావ్ లాతల్ లాంటి యానిమేటర్లు. గీసిన కార్టూన్లో నలుగురి చేతులు అడ్డొచ్చాయని పారిపోయినవాడు బొమ్మల్లో మళ్ళీ ఇతరుల చేతుల మీదే ఆధారపడ్డాడు కదా? ఆధారపడ్డాడు, నిజమే. పోయర్ లాంటివాడు లేకపోతే ‘బయయా’ రాకుమారుడి నడకలో ఆ ఠీవి ఉండేది కాదు. పోయర్ తర్వాత తనంతట తాను గొప్ప దర్శకుడయ్యాడు కూడా. అయితే రెండు పద్ధతుల్లో ఇతరుల పని ఒక రకం కాదు. కార్టూన్లో సహాయకుడు చిత్రకారుడి గీతను చెరిపి తన గీత పెడతాడు. బొమ్మల్లో యానిమేటర్ చిత్రకారుడు చేసిన రూపాన్ని ముట్టుకుని, దాని రూపం చెడకుండా, దానిచేత నటింపజేస్తాడు. రచయితకూ నటుడికీ ఉన్న సంబంధం లాంటిది అది, ప్రతికీ నకలుకూ ఉన్నది కాదు. పైగా నటనకు హద్దులు బొమ్మ ఆకారంలోనే ఉంటాయి. ఈ సూత్రం ఎంత గట్టిదో చెప్పడానికి జపాన్ నుంచి ఒక నిదర్శనం ఉంది. బొమ్మల కళాకారుడు కిహాచిరో కవమోతో ట్రన్కా సినిమాలు చూసి, ఆయనకు ఉత్తరం రాసి, 1960లలో ప్రాగ్ వచ్చి ఆయన దగ్గర నేర్చుకున్నాడు. చెక్ పద్ధతిని అనుకరించవద్దని, జపాన్ సొంత సంప్రదాయం వైపు చూడమని ట్రన్కా అతనికి చెప్పాడు. కవమోతో తిరిగి వెళ్ళి నో నాటకాల ముసుగుల్లోంచి తన బొమ్మల ముఖాలు తీశాడు. గురువు దగ్గర నేర్చుకున్నది వేళ్ళ పని మాత్రమే అయితే అతని సినిమాలు చెక్ సినిమాల్లా ఉండేవి. నేర్చుకున్నది ముఖాన్ని కట్టే ఆలోచన కాబట్టే అవి నిఖార్సైన జపాన్ సినిమాలయ్యాయి.

ప్రభుత్వంతో సంబంధం ఈ కథలో అన్నిటికన్నా చిక్కుముడి. ట్రన్కా పెద్ద సినిమాలన్నీ ప్రభుత్వ స్టూడియోలో, ప్రభుత్వ ధనంతో తయారయ్యాయి. ఏళ్ళ తరబడి సాగే ఇలాంటి పనికి లాభం చూసుకునే నిర్మాత ఎవరూ డబ్బు పెట్టడు. బొమ్మల చిత్రాన్ని దేశ ప్రతిష్ఠగా, పైగా విదేశీ మారకం తెచ్చే ఎగుమతిగా చూసిన ప్రభుత్వం పెట్టింది. 1963లో జాతీయ కళాకారుడు అన్న బిరుదూ ఇచ్చింది. దీన్నిబట్టి ఆయన ప్రభువుల కళాకారుడని ఒకరు, లోపల్లోపల తిరగబడ్డాడని ఇంకొకరు అంటారు. ఇద్దరూ మరిచేది పుస్తక చిత్రకారుడి పని స్వభావం. అతను ఎప్పుడూ ఇంకొకరి మాటకే బొమ్మ వేస్తాడు. కథ రాసేది ఒకరు, వేయమని అడిగేది ఇంకొకరు, ఎన్ని పేజీలో నిర్ణయించేది మరొకరు. ఆ ఇరుకులోనే తన ముద్ర వేయడం అతని విద్య. ట్రన్కా సినిమాల జాబితా చూడండి: ఆండర్సన్, చెఖోవ్, పుష్కిన్, షేక్స్‌పియర్, బొకాచియో, చెక్ జానపద కథలు. దాదాపు అన్నీ ఇతరుల గ్రంథాలే. 1953లో తీసిన ‘ప్రాచీన చెక్ గాథలు’కు మూలం అలోయిస్ యిరాసెక్. అప్పటి ప్రభుత్వం ఈ చారిత్రక రచయితను పనిగట్టుకుని ప్రచారం చేస్తున్న రోజులవి. అంటే అడిగించుకుని చేసిన పని లాంటిదే. కానీ ఆ సినిమాలోని యుద్ధాల్లో ప్రభుత్వానికి కావలసిన జయజయధ్వానాల కన్నా బురద, భయం, అలసట ఎక్కువ కనిపిస్తాయి. 1955 నాటి ‘మంచి సైనికుడు ష్వెయిక్’లో అయితే ట్రన్కా బొమ్మలను తన ఊహతో చేయనేలేదు. యారొస్లావ్ హాషెక్ నవలకు యోసెఫ్ లాదా వేసిన బొమ్మలు చెక్ పాఠకుల మనసులో ఎంత నాటుకుపోయాయంటే ష్వెయిక్‌ది ఇంకో ముఖం అంటే ఎవరూ ఒప్పుకోరు. అందుకే ట్రన్కా లాదా గీతలకే ప్రాణం పోశాడు. తన ముద్ర కోసం తపించే దర్శకుడెవరూ అప్పటికే పేరుపడ్డ ఇంకో చిత్రకారుడి ముఖాలను తీసుకోడు. కథకు ఏ బొమ్మ న్యాయం చేస్తుందో తెలిసిన చిత్రకారుడైతే తీసుకుంటాడు.

ఇదే శిక్షణ ఆయన్ని ముంచిన సందర్భమూ ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 1959లో పూర్తయిన ‘మధ్యవేసవి రాత్రి కల’ ఆయన అన్నిటికన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్న సినిమా. వెడల్పు తెర, రంగులు, బ్యాలే నాట్యాన్ని పోలిన కదలిక. కాన్‌లో సాంకేతిక బహుమతి వచ్చింది. స్వదేశంలో మాత్రం విమర్శకులు పెదవి విరిచారు. అందం కోసం అందమని, ప్రజలకు దూరమని అన్నారు. ఆ విమర్శలో పార్టీ పరిభాష ఉంది కాబట్టి దాన్ని మొత్తంగా కొట్టిపారేయడం తేలిక. కానీ సినిమా చూస్తే అందులో కొంత నిజం కనిపిస్తుంది. ప్రతి ఫ్రేమూ అట్ట మీద వేయదగిన బొమ్మ, ప్రతి ఆకుకూ పువ్వుకూ చెక్కుడు పని. టైటానియా వస్త్రమే చిన్న చిన్న ప్రాణుల ఊరేగింపు. అంత నిండుదనంలో కన్ను ఎక్కడా ఆగదు. పుస్తకంలో పాఠకుడు తనకు కావలసినంతసేపు ఒక పేజీ మీద ఉండిపోగలడు, సినిమా ఆ తీరిక ఇవ్వదు. పదేళ్ళపాటు ఏ తేడాను నేర్పుగా దాటుతూ వచ్చాడో దాన్నే ఇక్కడ ట్రన్కా మరిచాడనిపిస్తుంది. తన బొమ్మ బలం చెప్పకుండా వదిలేయడంలో ఉందని తెలిసినవాడు ఈ ఒక్కసారి ఏదీ వదల్లేదు. విడివిడిగా దృశ్యాలు చూస్తే ఆయన ఇంతకన్నా అందంగా ఎక్కడా చేయలేదు, ఆ మాట కూడా చెప్పాలి.

ఆ దెబ్బ తర్వాత ఆయనలో ఒక మార్పు వచ్చింది. అంతవరకు ఇతరుల కథలకు బొమ్మలు వేసినవాడు కథ కూడా తానే రాయడం మొదలుపెట్టాడు. 1962లో ‘తోట’ అనే పిల్లల పుస్తకానికి మాటలూ బొమ్మలూ ఆయనవే. అయిదుగురు కుర్రాళ్ళు, తలుపు తీసుకుని లోపలికి వెళితే ఒక తోట, అందులో గయ్యాళి పిల్లి, ఏనుగులు, తిమింగలం. అదే ఏడాది వచ్చిన ‘యంత్రపు అమ్మమ్మ’లో చిన్నపిల్లను పెంచడానికి అమ్మమ్మ బదులు ఒక యంత్రం వస్తుంది. తర్వాత మూడేళ్ళకు ‘చెయ్యి’. ఇది కూడా తన సొంత కథే. ఈ వరస చూస్తే ‘చెయ్యి’ ఒక్కసారిగా పేలిన తిరుగుబాటులా అనిపించదు. ఇంకొకరి మాటకు బొమ్మ వేసే వృత్తిలో జీవితమంతా గడిపినవాడు ఆ వృత్తి మీదనే వేసిన బొమ్మ అది. కుమ్మరి దగ్గరికి వచ్చే చెయ్యి మొదట హింసించదు. అడుగుతుంది, బహుమానం ఇస్తానంటుంది, టెలిఫోన్ చేస్తుంది, పత్రికల్లో, టెలివిజన్‌లో తన గొప్పలు చూపిస్తుంది. ఇవేవీ పనిచేయనప్పుడు వాడి ఒంటికి దారాలు కట్టి, బంగారు పంజరంలో పెట్టి, తన విగ్రహం వాడిచేతే చెక్కిస్తుంది, పతకాలు తగిలిస్తుంది. వాడు తప్పించుకుని గదికి పారిపోయి తలుపులకు మేకులు కొట్టుకుంటాడు. ఆ కంగారులో తన గులాబీ కుండీయే నెత్తిన పడి చనిపోతాడు. చెయ్యి వాడికి ఘనంగా అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపిస్తుంది. ఈ కథలో శత్రువు సెన్సారు అధికారి కాదు. పని అప్పజెప్పేవాడు, బిరుదులిచ్చేవాడు. వాడి చేతి పట్టు ఎలా ఉంటుందో బయట నిలబడి తిట్టేవాళ్ళ కన్నా ఇరవై ఏళ్ళు లోపల పనిచేసినవాడికి బాగా తెలుస్తుంది.

దీనికి ప్రాగ్ నగరంలోనే కళ్ళెదుట ఒక నేపథ్యం ఉంది. వల్తావా నది ఒడ్డున లెత్నా కొండ మీద 1955 మే 1న స్తాలిన్ బృహత్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. పోటీలో ఆ పని దక్కించుకున్న శిల్పి ఒటకార్ ష్వెట్స్ ఆవిష్కరణకు ముందే ప్రాణం తీసుకున్నాడు. 1962లో ఆ విగ్రహాన్ని పేల్చేశారు. ఇది తెలిసిన చెక్ ప్రేక్షకులకు పంజరంలో రాయి చెక్కే కుమ్మరి ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. అయితే ‘చెయ్యి’ స్తాలిన్ మీద మాత్రమే తీసిన సినిమా అంటే దాన్ని చిన్నది చేసినట్టే. తెర మీది చేతిలో స్తాలిన్ ముఖం లేదు, ఏ జెండా లేదు. పూర్వం నుంచీ పోషకుడికీ కళాకారుడికీ మధ్య ఉన్న బేరమే ఉంది. ఇక్కడ ముఖం కదలని బొమ్మను ఎంచుకోవడం పూర్తిగా ఫలించింది. కుమ్మరి పెద్ద కళ్ళలో రాసి ఉన్న భావం ఏదీ లేదు. కాబట్టే ఆ చేతి నీడ పడిన ప్రతిసారీ మన భయాన్నే అక్కడ చదువుకుంటాం. అవతల, నిజం మనిషి చేతికి ఉన్న వందల కదలికలు, వేళ్ళు బుజ్జగించడం, బెదిరించడం, ఆజ్ఞాపించడం, ఇవన్నీ స్వేచ్ఛగా సాగుతాయి. కదలగలిగిందంతా అధికారానిది, నిశ్చలంగా ఉన్నదంతా కళాకారుడిది. ఈ ఎదురుబొదురును ట్రన్కా బొమ్మల కదలిక పెంచి సాధించలేదు, తగ్గించే సాధించాడు.

ఆయన తిరుగుబాటుదారు అనే వాదనకు అన్నిటికన్నా బలమైన ఆధారం నిషేధం. దాన్ని కూడా కాలక్రమంలో పెట్టి చూడాలి. 1965లో ఆ సినిమా విడుదలైంది, విదేశాల్లోనూ ఆడింది. 1967లో ట్రన్కా తాను చదువుకున్న కళాశిల్ప విద్యాలయంలోనే ఆచార్యుడయ్యాడు. సోవియట్ ట్యాంకులు 1968 ఆగస్టులో ప్రాగ్‌లోకి వచ్చాయి. 1969 డిసెంబరు 30న యాభై ఏడేళ్ళకే ట్రన్కా కన్నుమూశాడు. సొంత ఊరు పిల్సెన్‌లో అంత్యక్రియలకు జనం పెద్దయెత్తున వచ్చారు. సినిమాను తొక్కిపెట్టింది ట్యాంకుల తర్వాత పగ్గాలు పట్టిన ప్రభుత్వం. తీసినప్పుడు ఓర్చుకున్న సినిమాను ఆ ప్రభుత్వం ఓర్చుకోలేకపోయిందంటే మారినది దేశం, సినిమా కాదు. మరో సంగతి కూడా ఉంది. ‘చెయ్యి’ని చీకట్లో పెట్టిన ఆ ఏళ్ళలోనే ట్రన్కా బొమ్మలు వేసిన పుస్తకాలు స్వదేశంలోనూ విదేశీ భాషల్లోనూ అచ్చవుతూనే ఉన్నాయి. బొమ్మల చిత్రాల స్టూడియోకు ఆయన పేరే పెట్టారు. ఒక సినిమాను నిషేధించి ఆయన్ని పిల్లల చిత్రకారుడిగా మాత్రం నిలబెట్టుకోవచ్చని అధికారులు అనుకుని ఉండాలి, ఆ ఇద్దరూ వేర్వేరు మనుషులైనట్టు. విచిత్రమేమంటే ఆ సినిమాను నెత్తిన పెట్టుకున్న పశ్చిమ దేశాల అభిమానులూ అదే విభజనను ఇటువైపు నుంచి చేశారు. పుస్తకాలు పిల్లల కోసం, ‘చెయ్యి’ పెద్దల కోసం అన్నారు. ఆయన వేసిన ఆండర్సన్ బొమ్మలను పక్కన పెట్టుకుని ‘చెయ్యి’ చూస్తే ఆ గీటు ఎక్కడ గీయాలో తోచదు. అవే చిన్న ముఖాలు, అదే ఒంటరితనం, గది మూలల్లో అదే నీడ. ‘తోట’లో తలుపు తీసుకుని లోపలికి వెళ్ళే కుర్రాళ్ళకూ, తలుపుకు మేకులు కొట్టుకునే కుమ్మరికీ మధ్య దూరం మూడేళ్ళే. రెంటికీ బొమ్మ వేసింది ఒకే మనిషి.